ఇసుక మీద నిలిచిన ఆనకట్ట

ఇసుక మీద ఇల్లు కట్టుకున్న బుద్ధిహీనుని ఉపమానం మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. వరద రాగానే ఆ ఇల్లు కూలిపోయింది. బండ మీద కట్టిన ఇల్లు నిలిచింది. మరి ఎంత తవ్వినా బండ తగలని చోట దేవుడు మనల్ని నిలబెడితే ఏం చేయాలి? ఆ ఉపమానం చెప్పిన ప్రభువును నమ్మిన ఒక ఇంజనీరుకు ఈ ప్రశ్న గోదావరి ఒడ్డున ఎదురైంది. ధవళేశ్వరం దగ్గర నది అడుగంతా ఇసుకే. ఆయన ఆ ఇసుక మీదే ఆనకట్ట కట్టారు. అది నూట ఇరవై ఏళ్ళకు పైగా వరదలను తట్టుకుని నిలిచింది.

ఆయనే సర్ ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల్లో చిన్న పిల్లవాడిని అడిగినా కాటన్ దొర అని చెబుతాడు. ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. అయితే మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో నీటి కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసే మనకు ఆయన జీవితంతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. పని ఉంది. ఖరీదైన ఇనుము, దూరదేశపు బొగ్గు, దొరకని సామగ్రి లేకుండానే కాళ్ళ కింద ఉన్న రాయితో, సున్నంతో, మట్టితో తరతరాలకు నిలిచే పని ఎలా చేయవచ్చో చేసి చూపించిన మనిషి ఆయన. ఆ విద్యను ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలుసుకుంటే మనకు ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది.

పాత బావుల దగ్గర పాఠం

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తల్లిదండ్రులకు పదకొండుమంది కుమారులు, వారిలో ఈయన పదవవారు. పదిహేనేళ్ళ వయసులో ఈస్టిండియా కంపెనీ వారి సైనిక విద్యాలయంలో చేరి, ఇంజనీరుగా శిక్షణ పొంది, 1821లో మద్రాసుకు వచ్చారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. బర్మా యుద్ధంలో పనిచేశారు. జ్వరాలతో పలుమార్లు మంచాన పడ్డారు. ఆ యౌవన దినాల్లోనే ఆయన క్రీస్తును తన రక్షకునిగా ఎరిగారు. ఆ విశ్వాసం చివరి శ్వాస వరకు ఆయనను విడువలేదు. ఆయన కుమార్తె ఎలిజబెత్ సువార్త పరిచర్యలో పేరు పొందిన స్త్రీ. తండ్రి మరణించాక 1900లో ఆయన జీవిత చరిత్రను వెలువరించింది కూడా ఆమే.

యువ ఇంజనీరుగా ఆయనను కంపెనీ వారు కావేరి నది దగ్గరకు పంపారు. తంజావూరు పొలాలు అప్పుడు ఎండిపోతున్నాయి. కావేరి నీళ్ళు దాని పాయ అయిన కొల్లిడంలోకి మళ్ళిపోవడం, కావేరిలో ఇసుక మేట వేయడం ఇందుకు కారణం. కొల్లిడానికి అడ్డుకట్ట వేయాలి. కానీ నది అడుగున లోతుగా ఇసుక. ఇంగ్లండులో చదివిన పుస్తకాల ప్రకారం గట్టి నేల దొరికేదాకా తవ్వి పునాది వేయాలి. అక్కడ అది సాధ్యమయ్యేది కాదు.

అప్పుడు కాటన్ దృష్టి కల్లణై మీద పడింది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే ఆ కట్ట సుమారు రెండువేల ఏళ్ళ నాటిది. వెయ్యి అడుగులకు పైగా పొడవు. లోపల చూస్తే మలచని మొరటు రాళ్ళు, వాటి మధ్య బంకమట్టి, అంతే. ఇసుకలో రాళ్ళు వేస్తూ పోయారు. అవి దిగబడ్డాయి. వాటి మీద మళ్ళీ వేశారు. ఇక దిగబడని స్థితికి వచ్చాక ఆ రాతి దిబ్బ మీద కట్టడం లేపారు. వరద కోత కోసిన కొద్దీ రాళ్ళే జారి ఆ గుంటను పూడుస్తాయి. ఏటా కొంత రాయి వేసుకుంటే చాలు.

తెల్లదొరలు చాలామంది ఇలాంటి పాత కట్టడాలను చూసి నవ్విన కాలమది. కాటన్ నవ్వలేదు. కూర్చుని నేర్చుకున్నారు. ఇసుక నదిలో పునాది వేయడం ఈ దేశపు పాత పనివారి దగ్గరే తాము నేర్చుకున్నామని తర్వాతి రోజుల్లో ఆయన బహిరంగంగా ఒప్పుకున్నారు. స్థానికులు శతాబ్దాల కిందట తవ్విన చెరువులు, కట్టిన మట్టికట్టలు ఎంత ధైర్యంతో, ఎంత తెలివితో చేసినవో తన రచనల్లో గౌరవంగా ప్రస్తావించారు. 1836లో కొల్లిడం మీద ఆయన కట్టించిన ఎగువ, దిగువ ఆనకట్టలు ఆ పాఠానికి ఫలితమే.

ఆదికాండము 26వ అధ్యాయంలో ఇస్సాకు చేసిన పని ఇక్కడ మనకు జ్ఞాపకం రావాలి. తన తండ్రి అబ్రాహాము తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చివేశారు. ఇస్సాకు వాటిని తిరిగి తవ్వించాడు. తండ్రి పెట్టిన పేర్లనే మళ్ళీ పెట్టాడు. తనది కొత్త బావి అని చాటుకోవాలనే ఆశ అతనికి లేదు. పరదేశి అయిన కాటన్ మన తాతల బావిని తిరిగి తవ్వాడు. మన్ను పోసి పూడ్చుతున్నది మాత్రం ఇవాళ మనమే.

గోదావరి ఒడ్డున

ఇక గోదావరి సంగతి. 1833 నాటి కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. గుంటూరు ప్రాంతంలో ఐదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షలమంది చనిపోయారని ఆనాటి అధికారుల లెక్క. గోదావరి పక్కనే పారుతున్నా ఆ జిల్లా కూడా క్షీణించిపోయింది. 1821లో దాదాపు 7 లక్షల 38 వేలున్న జనం 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గిపోయారు. వరద వస్తే పంట మునిగేది, తగ్గితే ఎండేది. కోట్ల ఘనపుటడుగుల తీయని నీరు కళ్ళ ముందే సముద్రంలో కలిసేది.

కాటన్ మధ్యలో ఆరోగ్యం దెబ్బతిని సెలవు మీద టాస్మేనియా ద్వీపానికి వెళ్ళారు. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడారు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో పనిచేస్తూ గోదావరిని పరిశీలించి, 1844లో ఆనకట్ట కోసం నివేదిక ఇచ్చారు. కంపెనీ డైరెక్టర్లకు రాబడి లెక్కలు కావాలి. కాబట్టి ఆకలి గురించి మాత్రమే చెప్పి ఊరుకోకుండా, నీరిస్తే శిస్తు ఎంత పెరుగుతుందో కూడా అంకెలతో చూపించారు. 1846 చివర అనుమతి వచ్చింది. 1847లో పని మొదలైంది. అడిగినంతమంది ఇంజనీర్లను మాత్రం ఇవ్వలేదు.

ఉన్నదేమిటి? ధవళేశ్వరం పక్కనే ఒక కొండ, అందులో రాయి. నది నిండా ఇసుక. సున్నం కాల్చుకోవచ్చు. చుట్టూ పని కోసం చూసే వేలమంది బీదలు. నది కూడా ఒక మేలు చేసింది. అక్కడ అది లంకల మధ్య నాలుగు పాయలుగా చీలి ఉంది. కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్ట వేయవచ్చు. అన్నీ కలిపితే మూడున్నర కిలోమీటర్లకు పైగా. ఎత్తు మాత్రం 12 అడుగులే. నదిని బంధించాలని కాటన్ అనుకోలేదు. వరద కట్ట మీదుగా దూకి పోవాలి, వేసవిలో ఉన్న కాస్త నీరు కాలువల్లోకి తిరగాలి, అంతవరకే.

ఇసుకలోకి బావుల వరుసలు దింపి, వాటి మీద గోడలు లేపారు. మధ్యలో నింపి, పైన రాతితో కప్పారు. దిగువన కల్లణై పద్ధతిలో మొరటు రాళ్ళను పరిచారు. వరద వాటిని కదిలిస్తే అవి జారి గుంటల్లో సర్దుకునేవి. మళ్ళీ వేసవిలో కొన్ని రాళ్ళు వేసేవారు. రాతికి రాతికి మధ్య పట్టు సున్నానిదే. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో 1824లోనే పేటెంటు వచ్చినా మన దేశంలో అప్పటికి దాని తయారీ లేదు. ఎడ్లు తిప్పే గానుగలో సున్నాన్ని నూరి పనివాడే దానిని తయారు చేసుకునేవాడు.

ఒకేసారి పదివేలమంది దాకా ఆ పనిలో ఉన్నారు. వీణెం వీరన్న అనే తెలుగువాడు కాటన్‌కు కుడిభుజంగా నిలిచి కూలీలను సమకూర్చి, నడిపించారు. ఆయన సాయం లేకుండా ఇది అయ్యేది కాదని కాటన్‌కు తెలుసు. తట్టలు మోసినవారిలో అత్యధికుల పేర్లు చరిత్రలో లేవు. దేవుని గ్రంథంలో ఉండే ఉంటాయి. 1848లో కాటన్ ఆరోగ్యం మళ్ళీ పాడైంది. పనిని కెప్టెన్ ఆర్ చేతిలో పెట్టి విశ్రాంతికి వెళ్ళారు. 1850లో తిరిగి వచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

కోనసీమలోని గన్నవరం దగ్గర పాయ మీదుగా కాలువను దాటించడానికి అక్విడక్టు కట్టిన కథ కూడా ఇలాంటిదే. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున్న 49 కమానులు. లెఫ్టినెంట్ హేగ్ పర్యవేక్షణలో ఒక్క పని కాలంలో, సుమారు నాలుగు నెలల్లో లేచింది. దాదాపు నూట యాభై ఏళ్ళు అది కాలువను మోసింది. 2000లో పక్కన కొత్తది వచ్చి, దానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పాతది ఇప్పటికీ నిలిచే ఉంది.

కాటన్ ప్రణాళికను అనుసరించి బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట కూడా 1855 నాటికి కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో పూర్తయింది. కరువు నేల అన్నపూర్ణ అయింది. గోదావరి డెల్టాలో నేడు సుమారు పది లక్షల ఎకరాలకు ఆ నీరే ఆధారం. గోదావరిలో స్నానం చేస్తూ సంకల్పంలో కాటన్ పేరు తలచుకునేవారు ఉన్నారని ఆ ప్రాంతపు పెద్దలు చెబుతారు. అన్యమతస్థుల నోట కూడా ఆశీర్వాదం పొందిన విశ్వాసి ఆయన.

ఇనుప దారి, నీటి దారి

మన దేశంలో మొట్టమొదట రైలు పట్టాలు వేయించినవారిలో కాటన్ పేరే ముందుంటుంది. మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రోడ్లకు రాయి తరలించడానికి 1837లో ఆయన రైలు దారి వేయించారు. ధవళేశ్వరంలోనూ కొండ నుంచి నదికి రాయి తేవడానికి పట్టాలు పరిపించారు. అలాంటి మనిషి తర్వాతి రోజుల్లో రైల్వేల మీదే సొమ్మంతా పోయడాన్ని గట్టిగా వ్యతిరేకించారు.

ఆయన వాదన నేటికీ ఆలోచింపజేస్తుంది. రైలుకు పట్టాలు ఇంగ్లండు నుంచి రావాలి. ఇంజన్లు అక్కడి నుంచే రావాలి. తొలి రోజుల్లో బొగ్గు కూడా ఓడల్లో వచ్చేది. పెట్టుబడి పెట్టిన లండను షేరుదారులకు లాభం వచ్చినా రాకున్నా నూటికి ఐదు వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. అది ఈ దేశపు రైతు శిస్తు నుంచే పోవాలి. కాలువకు ఇవేవీ అక్కరలేదు. ఈ ఊరివాడు తవ్వుతాడు, కూలి ఈ ఊళ్ళోనే ఉంటుంది. అదే కాలువ పొలం తడుపుతుంది, అదే కాలువ పడవను మోస్తుంది. పడవకు గాలి, ప్రవాహం, గట్టు మీద తాడు లాగే మనిషి చాలు. రైలు ధాన్యాన్ని ఒకచోటి నుంచి ఒకచోటికి చేర్చగలదు గాని ధాన్యాన్ని పండించలేదు అన్నది ఆయన మాటల సారాంశం. ఈ దేశపు నదులన్నిటినీ పడవలు తిరిగే కాలువలతో కలపాలని ఆయన కలగన్నారు.

అధికారులు ఆయనను కాలువ పిచ్చివాడిగా చూశారు. 1860లో ఉద్యోగ విరమణ చేసి స్వదేశం వెళ్ళాక కూడా కరపత్రాలు రాస్తూనే ఉన్నారు. 1878లో 75 ఏళ్ళ వయసులో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పారు. ఆ కమిటీ ఆయన పక్షం వహించలేదు.

అప్పుడు మన ప్రాంతంలో ఏం జరుగుతోంది? 1876 నుంచి 1878 వరకు ధాత కరువు. కంభం, మార్కాపురం తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. కరువు కోరల్లో ఎక్కువగా నలిగిన జిల్లాల్లో అదొకటి. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పరిచర్యకు రాకముందు సర్వేయరుగా పనిచేసినవారు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు ఆయన తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పార, తట్ట ఇచ్చి, కూలి ఇచ్చి, ప్రాణం నిలిపారు. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘాల్లో అనేక కుటుంబాల మూలాలు ఆ రోజుల్లోనే ఉన్నాయి. మన తాతముత్తాతలు మట్టి తవ్వి బ్రతికినవారు. ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదు.

కరువు తర్వాత ప్రభుత్వం మన ప్రాంతానికి ఏమిచ్చింది? రైలు ఇచ్చింది. నంద్యాల నుంచి నల్లమలను దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ మీదుగా బెజవాడ వైపు సాగే దారి కరువు నివారణ పేరుతో 1880వ దశకంలో వేసినదే. రైలు మంచిదే, మనమంతా దానిలోనే తిరిగాం. నీరు మాత్రం రాలేదు. నూట నలభై ఏళ్ళ తర్వాత, 2024 ఆరంభానికి, కృష్ణా జలాలు తేవడానికి వెలిగొండ కొండల కింద రెండు సొరంగాల తవ్వకం పూర్తయింది. ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్లు. కాటన్ వాదన ఎంత దూరదృష్టి గలదో మన ఎదురుచూపే సాక్ష్యం.

నిజమంతా చెప్పాలి

విశ్వాస వీరుల కథలు చెప్పేటప్పుడు లేఖనం వారి లోపాలను దాచదు. మనమూ దాచకూడదు. కాటన్ లెక్కలన్నీ ఫలించలేదు. ఆయన ప్రోత్సాహంతో సుంకేసుల దగ్గర మొదలైన కర్నూలు–కడప కాలువను తవ్విన ప్రైవేటు కంపెనీ అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ ఖర్చు చేసి నష్టపోయింది. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనవలసి వచ్చింది. ఆ కాలువ కూడా నల్లమలకు అవతలే పారింది, ఇవతల ఉన్న మనకు చుక్క రాలేదు. డెల్టా పచ్చబడింది, మెట్ట ఎండుతూనే ఉంది.

ఆయన ఆనకట్టలూ శాశ్వతం కాదు. కృష్ణా ఆనకట్ట 1952లో తెగితే, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరంలో పాత కట్టకు బదులు కాంక్రీటుతో, ఉక్కు తలుపులతో 1982 నాటికి కొత్త బ్యారేజీ నిర్మించి, దానికి కాటన్ పేరే పెట్టారు. పడవల కాలువలు పూడిపోయాయి. అయితే కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న అదే నీటి దారిని 2008లో ప్రభుత్వం నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. నవ్వి పక్కన పెట్టిన మాట నూట ముప్పై ఏళ్ళకు మళ్ళీ అవసరమైంది.

సిమెంటు వద్దు, ఇనుము వద్దు అని మేము చెప్పడం లేదు. పెద్ద బ్యారేజీకి అవి కావాలి. కానీ ప్రపంచమంతటా గాలిలో కలుస్తున్న బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తోందని శాస్త్రజ్ఞులు అంటున్నారు. సిమెంటు బట్టీకి దాదాపు 1,450 డిగ్రీల వేడి కావాలి. సున్నపు బట్టీకి 900 చాలు. పైగా గోడలోని సున్నం గట్టిపడేటప్పుడు గాలిలోని అదే వాయువును కొంత తిరిగి పీల్చుకుంటుంది. నదుల్లో ఇసుక తరిగి, కొండలను పిండి చేసిన రోబోశాండ్‌తో ఇళ్ళు కట్టుకునే రోజులొచ్చాయి. అవసరమున్న చోట వాడుకోవడం వేరు, అక్కరలేని చోట కూడా అదే గొప్ప అనుకోవడం వేరు.

మన ఇంట ఏముంది?

అప్పులవారు కొడుకులను పట్టుకుపోతారని ఏడుస్తూ వచ్చిన విధవరాలిని ఎలీషా ప్రవక్త మొట్టమొదట అడిగింది ఇంట ఏముందనే. ఆమె ఏమీ లేదని చెప్పి, తర్వాత నూనె కుండ ఒకటి ఉందని చెప్పింది. అద్భుతం ఆ కుండతోనే మొదలైంది. పొరుగువారి దగ్గర ఆమె తెచ్చుకున్నవి వట్టి పాత్రలు మాత్రమే. కాటన్ ధవళేశ్వరంలో వేసుకున్న ప్రశ్న ఇదే. మన పశ్చిమ ప్రకాశంలో మనం వేసుకోవలసిన ప్రశ్నా ఇదే.

మన ఇంట కంభం చెరువుంది. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ చెరువుకు కొండకు కొండకు మధ్య మట్టి, రాయి తప్ప మరేమీ లేని కట్ట. ఎత్తు 57 అడుగులు. 430 చదరపు మైళ్ళ మీద పడిన వాన గుండ్లకమ్మ గుండా అందులోకి చేరుతుంది. ఐదు వందల ఏళ్ళుగా ఆ కట్ట నిలిచింది. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో కంభం చెరువును, 2022లో ధవళేశ్వరం ఆనకట్టను ప్రపంచ వారసత్వ నీటి కట్టడాలుగా గుర్తించింది. కాటన్ ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారిలాంటివారు కట్టిన చెరువుకు ఆయన ఆనకట్ట కంటే రెండేళ్ళు ముందే ఆ గౌరవం దక్కింది. అలాంటి చెరువులోకి నీరు వచ్చే వాగులను ఆక్రమించుకుని, ఎనిమిది వందల అడుగులు, వెయ్యి అడుగులు బోరు దింపి, ఫ్లోరైడ్ నీళ్ళు తోడుకుని, వాటిని శుద్ధి చేయడానికి మళ్ళీ యంత్రం కొనుక్కుంటున్నాం.

మన ఇంట మార్కాపురం పలక ఉంది. ఒకనాడు తెలుగుపిల్లల అక్షరాలన్నీ దాని మీదే దిద్దారు. కాగితం అక్కరలేని పుస్తకమది. ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ పనికొచ్చేది. ప్లాస్టిక్ వచ్చాక, నోటుపుస్తకాలు చవకయ్యాక ఆ వృత్తి కుంగింది. అదే రాయిని గోడలకు, గచ్చుకు బిళ్ళలుగా కోసి విదేశాలకు పంపి కొన్ని కుటుంబాలు బ్రతుకుతున్నాయి. గనుల చుట్టూ గుట్టలుగా పడి ఉన్న వ్యర్థపు రాయిని చూస్తే, మిగిలిన రొట్టె ముక్కలను పారవేయకుండా ఎత్తించిన ప్రభువు మనకు గుర్తుకు రావాలి. ఐదు రొట్టెలను ఐదువేలమందికి పంచగలిగినవాడు ముక్కలను ఎందుకు ఏరించాడు? సృష్టికర్తకు ఏదీ వ్యర్థం కాదు గనుక.

మన ఇంట మట్టిమిద్దెల జ్ఞానం ఉంది. మండువేసవిలోనూ చల్లగా ఉండే ఆ ఇళ్ళ పైకప్పుకు చౌడుమట్టి వేసేవారు. గానుగ సున్నంలో బెల్లపు నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి పట్టు తెప్పించే మేస్త్రీలు ఉండేవారు. వేసవిలో చెరువు ఒండ్రు బండ్లకెత్తి పొలానికి తోలేవారు. చెరువు లోతయ్యేది, పొలం బలమయ్యేది, మూటల ఎరువు కొనే పని తగ్గేది. ఈ విద్య తెలిసిన చివరి తరం ఇంకా మన సంఘాల్లో వెనుక వరుసల్లో కూర్చుని ఉంది. వారిని అడిగేవారు లేరు.

కాబట్టి ప్రియమైన సంఘమా, ఈసారి మందిరం కట్టేటప్పుడు, విస్తరించేటప్పుడు కమిటీలో ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఇందులో మన ఊళ్ళో దొరికేదెంత, బయట కొనేదెంత? ప్రహరీకి, గచ్చుకు గని దగ్గర పడి ఉన్న రాయి పనికిరాదా? మందిరం పైకప్పు మీద పడిన వానను ఒక తొట్టెలోకి, ఒక ఇంకుడు గుంతలోకి పంపలేమా? కూడికలకు ప్లాస్టిక్ గ్లాసులకు బదులు విస్తరాకు, స్టీలు గ్లాసు చాలవా? యౌవనస్థుల కూటాల్లో ఒక దినం ఊరి చెరువు వాగులోని ముళ్ళకంప తీయడానికి కేటాయించలేమా? వృద్ధుల్లో మట్టిమిద్దె వేసిన మేస్త్రీ ఉంటే ఆయనను పిలిచి పిల్లలకు నేర్పించలేమా? వెలిగొండ నీరు వచ్చిన రోజున కూడా ఈ పని అవసరమే. కాలువ నీటిని నిలుపుకోవాలంటే చెరువు ఉండాలి గదా.

కాటన్ జీవితపు చివరి సంవత్సరాలు ఇంగ్లండులోని డోర్కింగ్‌లో గడిచాయి. జనరల్ హోదా, సర్ బిరుదు అన్నీ వచ్చాయి. అయినా ఎనభై ఏళ్ళు దాటిన ఆ వృద్ధుడు తన ఇంటి పెరటిలో చిన్న మడిని లోతుగా తవ్వించి, గోధుమ వేసి, నేలకు గాలి, తేమ బాగా అందితే దిగుబడి ఎంత పెరుగుతుందో గింజలు లెక్కపెట్టి చూసేవారు. గొప్ప నదులను మళ్ళించిన మనిషికి పారతో తవ్విన మట్టిలో నేర్చుకోవలసింది ఇంకా ఉందనిపించింది. 1899 జూలై 24న తన 96వ ఏట ఆయన ప్రభువునందు నిద్రించారు.

ఆదామును దేవుడు తోటలో ఉంచింది సేద్యపరచడానికి, కాయడానికి. గెరారు లోయలో ఇస్సాకు పాత బావులు తవ్వించాడు. గోదావరి ఇసుకలో కాటన్ పాత కట్టల పాఠం నేర్చుకున్నారు. గుండ్లకమ్మ ఒడ్డున మన వంతు మిగిలి ఉంది. మన పితరులు విడిచిపోయిన దానిని చిన్నచూపు చూడకుండా, మన పిల్లలకు ఎండిన నేలను అప్పగించకుండా నడుచుకునే జ్ఞానాన్ని ప్రభువు మన సంఘాలన్నిటికీ దయచేయును గాక. ఆమేన్.